ద్రావణీయత లెక్కల్లో 4ఎస్³ ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: నేను రసాయన శాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్నాను. సమతాస్థితి పాఠం చదివితే అర్థమవుతుంది, అధ్యాపకులు బోర్డు మీద లెక్క చేసి చూపిస్తే అదీ అర్థమవుతుంది. నా అంతట నేను మొదలుపెడితే మాత్రం ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. ద్రావణీయతా లబ్ధం (సంతృప్త ద్రావణంలోని అయాన్ల గాఢతల లబ్ధం) లెక్కల్లో ఒకచోట ఎస్² అని, ఇంకోచోట 4ఎస్³ అని రాస్తారు; ఎస్ అంటే లీటరుకు కరిగిన మోల్‌లు. క్లోరైడ్ గాఢతను రెట్టింపు చేసి, మళ్లీ దాన్నే వర్గం చేస్తారు. ఒకే 2ను రెండుసార్లు లెక్కపెట్టినట్టు కాదా? అదే లవణాన్ని ఉప్పునీటిలో కరిగిస్తే ఉప్పు నుంచి వచ్చిన క్లోరైడ్‌ను రెట్టింపు చేయరు. కొన్ని లెక్కల్లో గాఢతలో వచ్చే తెలియని మార్పు ఎక్స్‌ను వదిలేయమంటారు, కొన్నింటిలో వదలకూడదంటారు. ఇవన్నీ బట్టీపట్టడం తప్ప వేరే దారి లేదా? (ఒక విద్యార్థిని)

సమాధానం: మీరు అడిగిన వాటన్నింటిలోకీ పదునైనది ఆ 2 గురించిన ప్రశ్న. చాలామంది దాన్ని అడగకుండానే 4ఎస్³ను బట్టీపట్టి ఒక పరీక్ష గట్టెక్కుతారు. లెక్క కాస్త రూపు మార్చుకుని రాగానే అక్కడే చతికిలపడతారు. మీకు గణితం రాకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది. ఎస్², 4ఎస్³ అనేవి అసలు సూత్రాలే కావు. పదార్థాన్ని స్వచ్ఛమైన నీటిలో కరిగించినప్పుడు మాత్రమే అసలు సూత్రం నుంచి వచ్చే ఫలితాలవి. సందర్భం మారితే ఫలితం మారుతుంది, సూత్రం మారదు. అందువల్ల పెన్ను పట్టుకోగానే సూత్రం కోసం వెతక్కుండా, లెక్కలో చెప్పిన పాత్రలో ఏమేమి ఉన్నాయో, అవి ఎక్కడి నుంచి వచ్చాయో ముందుగా మాటల్లో ఒక వాక్యం రాసుకోవడం అలవాటు చేసుకోండి. మీ సందేహాల్లో చాలావాటికి లెడ్ క్లోరైడ్ అనే ఒకే లవణాన్ని పట్టుకుని జవాబు చెబుతాను, ఎందుకంటే మీరు చెప్పిన చిక్కులన్నీ ఆ ఒక్కదానిలోనే ఉన్నాయి.

లెడ్ క్లోరైడ్ తెల్లని పొడి. దాన్ని చాలినంతగా తీసుకుని ఒక బీకరులోని నీటిలో వేసి కలియబెట్టితే కొంత కరుగుతుంది, మిగిలింది అడుగున ఉండిపోతుంది. ఆ తర్వాత ఎన్ని గంటలు చూసినా కంటికి ఏ మార్పూ కనిపించదు, కానీ లోపల పని ఆగిపోలేదు. అడుగున ఉన్న స్ఫటికాల నుంచి లెడ్ అయాన్లు, క్లోరైడ్ అయాన్లు నీటిలోకి పోతూనే ఉంటాయి, నీటిలోని అయాన్లు తిరిగి వచ్చి స్ఫటికాల మీద చేరుతూనే ఉంటాయి. పోయే వేగమూ వచ్చే వేగమూ సమానం కాబట్టి ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. దీన్నే సమతాస్థితి అంటున్నాం, ఆ ద్రావణాన్ని సంతృప్త ద్రావణం అంటున్నాం. ఇప్పుడు మరో రెండు చెంచాల పొడి వేస్తే ఎక్కువ కరుగుతుందా? కరగదు. స్ఫటికాల ఉపరితలం పెరిగితే అయాన్లు పోవడానికీ, వచ్చి చేరడానికీ చోటు ఒకే నిష్పత్తిలో పెరుగుతుంది. ఘనపదార్థం గాఢతను సమతాస్థితి సమీకరణంలో రాయకపోవడానికి కారణం ఇదేనని గుర్తుంచుకుంటే, ఆ నియమాన్ని విడిగా బట్టీపట్టే పని ఉండదు. అయితే ఒక షరతు: అడుగున కొంచెమైనా ఘనపదార్థం మిగిలి ఉండాలి. పొడి అంతా కరిగిపోయిన పాత్రలో సమతాస్థితి ఉండదు, అక్కడ ద్రావణీయతా లబ్ధానికి సమానం అని రాయడం తప్పు. నేను దిద్దే జవాబు పత్రాల్లో ఈ తప్పు తరచుగా కనిపిస్తుంది.

ఇక అసలు సూత్రం. లెడ్ క్లోరైడ్ కరిగితే ఒక లెడ్ అయాన్, రెండు క్లోరైడ్ అయాన్లు వస్తాయి కాబట్టి,

ద్రావణీయతా లబ్ధం = (లెడ్ అయాన్ గాఢత) × (క్లోరైడ్ అయాన్ గాఢత)²

25 డిగ్రీల సెల్సియస్ వద్ద దీని విలువ 1.7 × 10⁻⁵ అని తీసుకుందాం. ఇందులో ఎస్ లేదు, 4 లేదు, రెట్టింపు అన్న మాటే లేదు. క్లోరైడ్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఈ సూత్రం అడగదు, ద్రావణంలో మొత్తం క్లోరైడ్ ఎంత ఉందో మాత్రమే అడుగుతుంది. వర్గం ఎందుకన్నదానికి సరళంగా ఇలా చెప్పుకోవచ్చు: ఘనపదార్థం తిరిగి ఏర్పడాలంటే ఒక లెడ్ అయాన్, రెండు క్లోరైడ్ అయాన్లు ఒకచోట కలవాలి, ద్రావణంలో క్లోరైడ్‌ను రెట్టింపు చేస్తే మొదటిది దొరికే అవకాశం రెట్టింపవుతుంది, రెండోది దొరికే అవకాశమూ రెట్టింపవుతుంది, మొత్తం నాలుగింతలవుతుంది. ఘాతంలోని ఆ 2 పని అదే. పదార్థాలు ఏవన్నదే కాక ఎంత గాఢతలో ఉన్నాయన్నది కూడా చర్య ఎటు నడవాలో నిర్ణయిస్తుందని 1864లో నార్వే శాస్త్రవేత్తలు గుల్డ్‌బర్గ్, వాగె ప్రతిపాదించిన ద్రవ్యరాశి క్రియా నియమం నుంచి వచ్చిన ఆలోచన ఇది. అంతకు ముందే, 1798లో ఫ్రెంచి సైన్యంతో ఈజిప్టు వెళ్లిన రసాయన శాస్త్రవేత్త బెర్తొలే అక్కడి ఉప్పు సరస్సుల ఒడ్డున సోడియం కార్బొనేట్ మేటలు చూసి, ప్రయోగశాలలో ఒకవైపే నడుస్తుందనుకున్న చర్య ఉప్పు అపారంగా ఉన్నచోట ఎదురు దిశలో నడుస్తోందని గ్రహించాడు. మీరు ఉప్పునీటిలో లెడ్ క్లోరైడ్ కరిగించే లెక్క చేస్తున్నప్పుడు వాడుతున్నది కూడా ఆ గ్రహింపునే.

ఇప్పుడు మీ రెండు 2ల సంగతి. స్వచ్ఛమైన నీటిలో లీటరుకు ఎస్ మోల్‌ల లెడ్ క్లోరైడ్ కరిగిందనుకుంటే, లెడ్ అయాన్ గాఢత ఎస్. ప్రతి ఫార్ములాకూ రెండు క్లోరైడ్‌లు కాబట్టి క్లోరైడ్ గాఢత 2ఎస్. ఇక్కడి 2 కేవలం లెక్కింపు, బుట్టలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం లాంటిది. ఆ లెక్కింపు ముగిశాక వచ్చిన 2ఎస్ అనే గాఢతను సూత్రంలో పెట్టినప్పుడు సూత్రం తన వర్గాన్ని తాను అడుగుతుంది: ఎస్ × (2ఎస్)² = 4ఎస్³. ఒక 2 గాఢత ఎంతో చెప్పింది, రెండో 2 ఆ గాఢతను ఏం చేయాలో చెప్పింది. ఒకే వస్తువును రెండుసార్లు లెక్కించడం ఎక్కడా జరగలేదు.

నమ్మకం కలగడానికి అంకెలు వేసి చూడండి. 4ఎస్³ = 1.7 × 10⁻⁵ అయితే ఎస్³ = 4.25 × 10⁻⁶, దాని ఘనమూలం 0.0162. అంటే లెడ్ అయాన్ 0.0162 మోలార్ (లీటరుకు అన్ని మోల్‌లు), క్లోరైడ్ 0.0324 మోలార్. ఇప్పుడు లెక్కను తిప్పి అడుగుతాను: "సంతృప్త లెడ్ క్లోరైడ్ ద్రావణంలో క్లోరైడ్ అయాన్ గాఢత 0.0324 మోలార్ అని కొలిచారు, ద్రావణీయతా లబ్ధం ఎంత?" ఇక్కడ 0.0324ను మళ్లీ రెట్టింపు చేస్తారా? చేయకూడదు, ఎందుకంటే కొలిచింది క్లోరైడ్‌నే. లెడ్ కోసం దాన్ని సగం చేయాలి, క్లోరైడ్ కోసం ఉన్నదున్నట్టు వర్గం చేయాలి: 0.0162 × (0.0324)² = 1.7 × 10⁻⁵. 4ఎస్³ బట్టీపట్టినవారు ఇక్కడ ఎస్ స్థానంలో 0.0324 పెట్టి ఎనిమిదింతల తప్పు జవాబు తెచ్చుకుంటారు. ఒక చిన్న మాట పక్కన చెప్పాలి: ప్రయోగశాలలో కొలిస్తే లెడ్ క్లోరైడ్ ఈ లెక్క చెప్పిన దానికన్నా ఎక్కువే కరుగుతుంది. కొంత లెడ్ ఒక క్లోరైడ్‌తో జతకట్టే నీటిలో తిరుగుతుంది, పైగా విద్యుదావేశం ఉన్న అయాన్లు ఒకదాన్నొకటి ప్రభావితం చేస్తాయి. తొలి ఏడాది లెక్కలు వీటిని పక్కనపెడతాయి, మనమూ పెడదాం. కానీ మీ ప్రయోగ ఫలితం పుస్తకంతో కలవకపోతే తప్పంతా మీదే అనుకోకండి.

తర్వాత ఉప్పునీరు. ఈసారి లెడ్ క్లోరైడ్‌ను 0.10 మోలార్ సోడియం క్లోరైడ్ ద్రావణంలో వేద్దాం. పాత్రలో ఏముందో మాటల్లో రాసుకోండి: "ఉప్పు నుంచి 0.10 మోలార్ క్లోరైడ్ ముందే ఉంది. లెడ్ క్లోరైడ్ ఎస్ మేరకు కరిగితే ఎస్ మోలార్ లెడ్, మరో 2ఎస్ క్లోరైడ్ వస్తాయి." ఈ వాక్యం రాశాక 0.10ను రెట్టింపు చేయాలన్న అనుమానం రాదు, ఎందుకంటే సోడియం క్లోరైడ్ ఒక్కో ఫార్ములాకు ఒక్క క్లోరైడ్‌నే ఇస్తుంది. దాని బదులు 0.10 మోలార్ కాల్షియం క్లోరైడ్ తీసుకుని ఉంటే అక్కడ 0.20 అని రాయాల్సి వచ్చేది, లెడ్ క్లోరైడ్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. రెట్టింపు చేయాలా వద్దా అన్నది ఆ అయాన్‌ను తెచ్చిన లవణాన్ని బట్టి తేలుతుంది. ఇప్పుడు సూత్రం: ఎస్ × (0.10 + 2ఎస్)² = 1.7 × 10⁻⁵. 0.10 ముందు 2ఎస్ చిన్నదని అనుకుంటే ఎస్ = 1.7 × 10⁻⁵ ÷ 0.010 = 0.0017. వెనక్కి వెళ్లి చూసుకుంటే 2ఎస్ 0.0034, అది 0.10లో 3.4 శాతం, అనుకున్నది నిలిచింది. స్వచ్ఛమైన నీటిలో 0.0162 కరిగినది ఇక్కడ సుమారు పదో వంతుకు పడిపోయింది. దీన్నే ఉమ్మడి అయాన్ ప్రభావం అంటారు.

ఎక్స్‌ను (ఇక్కడ మన 2ఎస్‌ను) ఎప్పుడు వదలాలన్న మీ ప్రశ్నకు జవాబు అదే లెక్కను ఒక్క అంకె మార్చి చేస్తే దొరుకుతుంది. ఉప్పునీరు 0.10 కాకుండా 0.010 మోలార్ అనుకోండి. పాత పద్ధతిలోనే 2ఎస్ వదిలేస్తే ఎస్ = 1.7 × 10⁻⁵ ÷ 1.0 × 10⁻⁴ = 0.17 వస్తుంది. ఒక్క నిమిషం ఆగి ఈ అంకెను చూడండి. స్వచ్ఛమైన నీటిలో 0.0162 మాత్రమే కరిగే పదార్థం, క్లోరైడ్ ముందే ఉన్న నీటిలో పదింతలు ఎక్కువ కరుగుతుందని మన కాలిక్యులేటర్ చెబుతోంది! అది పొరపాటు చేయలేదు, మనం చెప్పిన అబద్ధాన్ని శ్రద్ధగా గుణించి భాగించి మనకే తిరిగి ఇచ్చింది. 2ఎస్ చిన్నదని అనుకున్నాం, తీరా అది 0.34 అయింది, 0.010కి ముప్పై నాలుగింతలు. ఇలాంటి జవాబు చేతిలోకి వచ్చినప్పుడు కొట్టేసి మొదటికి పోనక్కర్లేదు, ఊహను మాత్రమే కొట్టేయాలి.

అప్పుడు ఘన సమీకరణం సాధించాలా అని బెంగపడతారేమో, అంత అవసరం లేదు. జవాబు 0.0162 కన్నా తక్కువ ఉండాలని మనకు ముందే తెలుసు, కాబట్టి విలువలు వేసి చూద్దాం. ఎస్ = 0.016 వేస్తే 0.016 × (0.042)² = 2.8 × 10⁻⁵, ఎక్కువ. 0.012 వేస్తే 0.012 × (0.034)² = 1.4 × 10⁻⁵, తక్కువ. 0.013 వేస్తే 0.013 × (0.036)² = 1.68 × 10⁻⁵, సరిపోయింది. మూడు వరుసల్లో పని ముగిసింది. ఊహించి, లెక్కించి, వెనక్కి వెళ్లి చూసుకోవడం అనే పద్ధతిలో మూడో మెట్టు ఎక్కనివారికి మొదటి మెట్టు ఎక్కే హక్కు లేదని తరగతిలో కాస్త కటువుగానే అంటుంటాను. వదిలేసిన పదం దేని పక్కన వదిలేశారో దానిలో 5 శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న కొలబద్ద. అది ప్రకృతి నియమం కాదు, తొలి ఏడాది లెక్కల్లో రెండు సార్థక అంకెల కచ్చితత్వానికి సరిపడే ఒప్పందం మాత్రమే.

వాయువుల సమతాస్థితి లెక్కల్లోనూ పద్ధతి ఇదే. 25 డిగ్రీల వద్ద డైనైట్రోజన్ టెట్రాక్సైడ్ విడిపోయి రెండు నైట్రోజన్ డయాక్సైడ్ అణువులు ఏర్పడే చర్యకు సమతాస్థితి స్థిరాంకం, అంటే (డయాక్సైడ్ గాఢత)² ÷ (టెట్రాక్సైడ్ గాఢత), 4.6 × 10⁻³. మొదట టెట్రాక్సైడ్ మాత్రమే 0.050 మోలార్ ఉందనుకోండి. మొదట్లో ఎంత, మార్పు ఎంత, చివర ఎంత అని మూడు వరుసలు రాస్తే, చివరి వరుసలో టెట్రాక్సైడ్ 0.050 − ఎక్స్, డయాక్సైడ్ 2ఎక్స్. ఎక్స్‌ను వదిలేస్తే 4ఎక్స్² = 2.3 × 10⁻⁴, ఎక్స్ = 0.0076; అది 0.050లో 15 శాతం, కొలబద్ద దాటింది. వర్గ సమీకరణం సాధిస్తే ఎక్స్ = 0.0070, డయాక్సైడ్ 0.014, టెట్రాక్సైడ్ 0.043. ఈ పట్టికలో విద్యార్థులు తప్పు చేసేది ఎక్కువగా మధ్య వరుసలోనే. సమీకరణంలోని గుణకాలు మార్పు వరుసకు మాత్రమే వర్తిస్తాయి. మొదటి వరుసలో లెక్క ఇచ్చినదే రాయాలి, మూడో వరుస ఆ రెండింటి కూడిక. హైడ్రోజన్, అయోడిన్ సమాన గాఢతల్లో కలిసి హైడ్రోజన్ అయోడైడ్ ఏర్పడే లెక్కలో అయితే రెండు వైపులా వర్గమూలం తీస్తే చాలు, వర్గ సమీకరణం తప్పుతుంది. కానీ గాఢతలు సమానం కానప్పుడు కూడా అలవాటు కొద్దీ వర్గమూలం తీసేవారున్నారు, జాగ్రత్త.

మీరు అడగకపోయినా ఒక సంగతి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే రెండు ద్రావణాలను కలిపే లెక్కల్లో బాగా చదివేవారు కూడా జారిపడే చోటు అది. 0.020 మోలార్ లెడ్ నైట్రేట్ 100 మిల్లీలీటర్లు, 0.040 మోలార్ సోడియం క్లోరైడ్ 100 మిల్లీలీటర్లు కలిపితే అవక్షేపం (కరగకుండా విడిపోయే ఘనపదార్థం) వస్తుందా అని అడిగారనుకోండి. ఇచ్చిన అంకెలు నేరుగా పెడితే 0.020 × (0.040)² = 3.2 × 10⁻⁵, ఇది 1.7 × 10⁻⁵ కన్నా ఎక్కువ, కాబట్టి అవక్షేపం వస్తుందని రాసేస్తారు. అయితే కలిపిన తర్వాత పాత్రలో ఉన్నది 200 మిల్లీలీటర్ల ద్రావణం. ఒకదానిలోని నీరు రెండోదాన్ని పలుచన చేసింది, లెడ్ 0.010కి, క్లోరైడ్ 0.020కి తగ్గాయి. 0.010 × (0.020)² = 4.0 × 10⁻⁶. ఇది ద్రావణీయతా లబ్ధం కన్నా తక్కువ, అవక్షేపం రాదు. జవాబు పూర్తిగా తలకిందులైంది. ఈ 4.0 × 10⁻⁶ను చర్యా భాగఫలం అంటారు. రూపంలో సమతాస్థితి స్థిరాంకం లాంటిదే కానీ ఈ క్షణాన ఉన్న గాఢతలతో లెక్కించినది. స్థిరాంకం కన్నా అది తక్కువైతే చర్య ముందుకు, ఎక్కువైతే వెనక్కి నడుస్తుంది, సమానమైతే అక్కడే నిలుస్తుంది. లెక్క ఎటు నడుస్తుందో తెలియనప్పుడు ఎక్స్‌కు ప్లస్ పెట్టాలో మైనస్ పెట్టాలో తేల్చేదీ అదే.

ద్రావణీయతా లబ్ధం చిన్నదైతే ద్రావణీయతా చిన్నదేనా అన్నది పరీక్షల్లో తరచూ కనిపించే వల. సిల్వర్ క్లోరైడ్‌కు ఈ విలువ 1.8 × 10⁻¹⁰, సిల్వర్ క్రోమేట్‌కు 1.1 × 10⁻¹². చూడగానే రెండోదే తక్కువ కరుగుతుందనిపిస్తుంది. మొదటిదానికి ఎస్² = 1.8 × 10⁻¹⁰, ఎస్ = 1.3 × 10⁻⁵, అంటే లీటరుకు 1.9 మిల్లీగ్రాములు. రెండోది రెండు సిల్వర్ అయాన్లు, ఒక క్రోమేట్ అయాన్ ఇస్తుంది కాబట్టి 4ఎస్³ = 1.1 × 10⁻¹², ఎస్ = 6.5 × 10⁻⁵. తక్కువ లబ్ధం ఉన్నదే అయిదింతలు ఎక్కువ కరిగింది! రెండు గాఢతల లబ్ధాన్ని మూడు గాఢతల లబ్ధంతో పోల్చడం, చదరపు మీటర్లను ఘనపు మీటర్లతో పోల్చినట్టు ఉంటుంది. ఒకే అచ్చులో ఉన్న, అంటే అయాన్లను ఒకే నిష్పత్తిలో ఇచ్చే లవణాల మధ్య మాత్రమే ఈ పోలిక నేరుగా చెల్లుతుంది.

ఈ తేడా మీద ఆధారపడిన పద్ధతి ఒకటి మీరు ప్రయోగశాలలో చేసే ఉంటారు, క్లోరైడ్‌ను కొలిచే మోర్ పద్ధతి. క్లోరైడ్ ద్రావణంలో కొంచెం పొటాషియం క్రోమేట్ వేసి బ్యూరెట్ నుంచి సిల్వర్ నైట్రేట్ వదులుతుంటే, మొదట తెల్లని సిల్వర్ క్లోరైడ్ తరకలు కట్టినట్టు విరుగుతుంది. సిల్వర్ నైట్రేట్ పడినచోట ఇటుక ఎరుపు ఒక్క క్షణం మెరిసి, శంకుకుప్పెను తిప్పగానే మాయమవుతుంది. చివరకు ఒక చుక్కతో ఆ ఎరుపు పోకుండా నిలుస్తుంది. ఎందుకు అక్కడే నిలిచింది? క్రోమేట్ గాఢత 0.0050 మోలార్ అయితే, సిల్వర్ క్రోమేట్ ఏర్పడటానికి సిల్వర్ గాఢత √(1.1 × 10⁻¹² ÷ 0.0050), అంటే 1.5 × 10⁻⁵కు చేరాలి. ఆ సమయానికి ద్రావణంలో మిగిలిన క్లోరైడ్ 1.8 × 10⁻¹⁰ ÷ 1.5 × 10⁻⁵ = 1.2 × 10⁻⁵ మోలార్. మొదట 0.10 మోలార్ క్లోరైడ్ ఉందనుకుంటే దాదాపు అంతా అవక్షేపమైపోయాకే ఎరుపు నిలిచిందన్నమాట. ఆ రంగు మారే క్షణాన్ని చేత్తో చేసి చూసినవారికి ఈ రెండు భాగహారాలు మళ్లీ మరపుకు రావు.

గ్రాముల్లో ఇచ్చే ద్రావణీయత లెక్కలు వీటికన్నా తేలిక, కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. పొటాషియం నైట్రేట్ ద్రావణీయత 60 డిగ్రీల వద్ద సుమారు 110 గ్రాములు, 20 డిగ్రీల వద్ద సుమారు 32 గ్రాములు అంటే 100 గ్రాముల నీటికి అని అర్థం, 100 గ్రాముల ద్రావణానికి కాదు. 60 డిగ్రీల సంతృప్త ద్రావణం 105 గ్రాములు తీసుకుని 20 డిగ్రీలకు చల్లార్చితే ఎంత స్ఫటికంగా బయటపడుతుందని అడిగితే, ముందు అందులో నీరెంతో తేల్చాలి. 210 గ్రాముల ద్రావణంలో 100 గ్రాముల నీరు కాబట్టి 105లో 50 గ్రాములు. ఆ 50 గ్రాముల నీరు వేడిగా ఉన్నప్పుడు 55 గ్రాములు పట్టుకుంది, చల్లారాక 16 పట్టుకోగలదు, 39 గ్రాములు బయటికి వస్తాయి. 105నే నీటి బరువుగా తీసుకున్నవారికి 82 వస్తుంది, అంటే పాత్రలో ఉన్న 55 గ్రాముల పొటాషియం నైట్రేట్ కన్నా ఎక్కువ. ఉష్ణోగ్రత పెరిగితే ప్రతి పదార్థమూ ఎక్కువ కరుగుతుందని మాత్రం రాయకండి. కాల్షియం హైడ్రాక్సైడ్ వేడినీటిలో కన్నా చల్లని నీటిలోనే ఎక్కువ కరుగుతుంది.

ఒక పుస్తకంలో ఒక విలువ, మరో పుస్తకంలో ఇంకో విలువ కనిపిస్తే కంగారుపడకండి. లెడ్ అయోడైడ్ లాంటి వాటికి వేర్వేరు పట్టికల్లో వేర్వేరు ద్రావణీయతా లబ్ధాలుంటాయి, కొలిచిన పద్ధతిని బట్టి. లెక్కలో ఇచ్చిన విలువే వాడండి, ఇవ్వకపోతే ఏ విలువ తీసుకున్నారో జవాబులో రాయండి.

చివరగా మీ చేత ఒక లెక్క చేయించాలని ఉంది. సిల్వర్ క్రోమేట్‌ను ముందు 0.10 మోలార్ పొటాషియం క్రోమేట్‌లోనూ, తర్వాత 0.10 మోలార్ సిల్వర్ నైట్రేట్‌లోనూ కరిగించండి, రెండుచోట్లా లీటరుకు ఎన్ని మోల్‌లు కరుగుతుందో కనుక్కోండి. పైన ఇచ్చిన 1.1 × 10⁻¹² వాడితే మొదటిదానికి 1.7 × 10⁻⁶, రెండోదానికి 1.1 × 10⁻¹⁰ రావాలి. మొదటిదానికి 3.3 × 10⁻⁶ వస్తే మీరు కనుక్కున్నది సిల్వర్ అయాన్ గాఢతను, ఎస్‌ను కాదు. రెండూ సరిగ్గా వచ్చాక, ఉమ్మడి అయాన్ గాఢత రెండుచోట్లా 0.10 మోలారే అయినప్పుడు జవాబుల మధ్య పదిహేను వేల రెట్ల తేడా ఎందుకు వచ్చిందో రెండు వాక్యాల్లో రాసి పంపండి, చూసి జవాబిస్తాను.